పెడళ్ళు విప్పిన సైకిలు

మా చిన్నదానికి ఆరేళ్ళు నిండాయి. రెండేళ్ళుగా పక్కచక్రాల సైకిలు మీద మా వీధంతా ఏలుతోంది. వీధి చివర దాకా వెళ్ళి, మలుపు తిరిగి, గంట కొట్టుకుంటూ వస్తుంటే చూసేవాళ్ళకి దానికి సైకిలు వచ్చేసిందనే అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. కిందటేడు జూన్‌లో ఒక శనివారం పొద్దున్నే పానా తీసుకుని ఆ పక్కచక్రాలు రెండూ విప్పేశాను. సీటు వెనక పట్టుకుని పరిగెత్తాను. కాస్త ఊపు వచ్చాక వదిలేశాను. సైకిలు తిన్నగా పోయి పక్కింటివాళ్ళ ఉత్తరాల పెట్టె స్తంభాన్ని గుద్దుకుని పడింది. పిల్ల మోకాలు చీరుకుపోయింది.

"పట్టుకుంటానని చెప్పి వదిలేశావు!" అంది ఏడుస్తూ, తెలుగులో. రోజంతా మాతో ఇంగ్లీషులో మాట్లాడే పిల్ల తెలుగులో తిట్టిందంటే సంగతి చాలా దూరం వెళ్ళిందన్నమాట. ఆ తర్వాత మూడు వారాలు ఆ సైకిలు గరాజులోంచి బయటికి రాలేదు.

అప్పటికి మా అక్క ఇండియా నుంచి వచ్చి పది రోజులైంది. అమెరికా రావడం అదే మొదటిసారి. గరాజు ముందు కుర్చీ వేసుకుని కూచుని ఇదంతా చూసింది. పిల్ల మోకాలు కడిగి, పసుపు దొరక్కపోతే మా ఆవిడ ఇచ్చిన మందేదో రాసి, నా వైపు తిరిగి, "నీకు నేర్పేటప్పుడు నేను అంత తొందరగా వదల్లేదురా" అంది.

నిజమే. నాకు సైకిలు నేర్పింది అక్కే. అక్కకి సైకిలు తొక్కడం రాదన్నదీ నిజమే. అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. ఈ రెండు సంగతులూ ముప్పై ఏళ్ళ పైగా నాకు తెలుసు. కానీ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలని ఆ రోజు దాకా తోచలేదు.

కంప్యూటర్ల మనిషిని కనక, ప్రోగ్రాము పనిచెయ్యకపోతే దాని పాత వెర్షన్లు తిరగెయ్యడం నాకు అలవాటు. ఆ మూడు వారాలూ రాత్రిళ్ళు సైకిలు చరిత్ర తిరగేశాను. పిల్లకి సైకిలు ఎలా నేర్పాలో వెతకబోయి, మనుషులు సైకిలు ఎలా నేర్చుకున్నారన్న దగ్గర తేలాను.

*

మొట్టమొదటి రెండు చక్రాల బండికి పెడళ్ళు లేవు. జర్మనీలోని మాన్‌హైమ్ అనే ఊళ్ళో కార్ల్ డ్రైస్ అనే అడవుల శాఖ అధికారి 1817 జూన్ 12న దాన్ని రోడ్డెక్కించాడు. చెక్కతో చేసిన బండి, ఇరవై కిలోల పైచిలుకు బరువు. ముందు చక్రం అటూ ఇటూ తిరుగుతుంది. మధ్యలో కూచుని, కాళ్ళతో నేలని తన్నుకుంటూ పోవాలి. ఆ రోజు ఆయన ష్వెట్‌జింగెన్ వెళ్ళే దారిలో ఉన్న ఒక మజిలీ దాకా వెళ్ళి, గంట పైచిలుకులో తిరిగొచ్చాడు.

దీని వెనక ఇంకో కథ కూడా చెబుతారు. 1815లో ఇండొనీషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలింది. ఆకాశాన్ని కమ్మిన ఆ దుమ్ము వల్ల 1816లో యూరప్‌కి వేసవే రాలేదు. పంటలు పోయాయి, గుర్రాలకి దాణా కరువైంది. గుర్రం అక్కర్లేని బండి ఆలోచన ఆ కరువులోంచే పుట్టిందని కొందరు చరిత్రకారుల ఊహ. అందరూ ఒప్పుకోరు గానీ, కథ మాత్రం బాగుంది.

మరో రెండేళ్ళకి, 1819లో, లండన్‌లో డెనిస్ జాన్సన్ అనే బళ్ళ తయారీదారు ఇలాంటివే ఇంకాస్త నాజూగ్గా చేసి అమ్మాడు. కొన్నవాళ్ళకి నడపడం నేర్పడానికి బడి కూడా పెట్టాడు. అయితే ఈ మోజు ఎక్కువ రోజులు నిలవలేదు. కాలిబాటల మీద జనాన్ని గుద్దుతున్నారని చాలా ఊళ్ళలో ఈ బళ్ళని నిషేధించారు.

ఇది చదివాక నాకు తట్టింది. చరిత్రలో బ్యాలెన్సు ముందు వచ్చింది, పెడలు తర్వాత వచ్చింది. నేను మా పిల్లకి పెడలు ముందు నేర్పి, బ్యాలెన్సు తర్వాత నేర్పబోయాను. పక్కచక్రాలు పిల్లని పడకుండా కాపాడతాయి, నిజమే. కానీ సైకిలు పక్కకి ఒరగకపోతే, ఒరిగినప్పుడు హేండిలు ఎటు తిప్పాలో పిల్ల ఎలా నేర్చుకుంటుంది? రెండేళ్ళుగా మా చిన్నది తొక్కింది సైకిలు కాదు, సైకిలు వేషం వేసుకున్న నాలుగు చక్రాల బండి.

ఈ సంగతి నాకంటే ముందే చాలామంది కనిపెట్టారు. 1997లో జర్మనీలోనే రోల్ఫ్ మెర్టెన్స్ అనే ఆయన చిన్నపిల్లల కోసం పెడళ్ళు లేని చెక్క సైకిలు చేశాడు. ఒక రకంగా డ్రైస్ బండినే కుదించి మళ్ళీ తెచ్చాడు. 2007లో అమెరికాలో సౌత్ డకోటాలో రయన్ మక్‌ఫార్లండ్ అనే తండ్రి, రెండేళ్ళ కొడుకు మామూలు పిల్లల సైకిలుతో పడుతున్న అవస్థ చూసి, అక్కర్లేని సామానంతా పీకేసి అలాంటిదే తయారుచేశాడు. అదే తర్వాత పెద్ద వ్యాపారమైంది. ఇప్పుడు ఏ పార్కులో చూసినా రెండేళ్ళ పిల్లలు కాళ్ళతో తన్నుకుంటూ పోతుంటారు. ఈ బళ్ళు రాకముందు పుట్టిన మా పెద్దాడికి నేర్పినప్పుడు ఇదంతా నాకు తెలీదు. వాడు ఎలాగో నేర్చుకున్నాడు.

ఆరేళ్ళ పిల్లకి కొత్తగా అలాంటి బండి కొనక్కర్లేదు. ఉన్న సైకిలుకే పెడళ్ళు విప్పేసి, సీటు దించితే సరిపోతుంది. కుడి పెడలు వెంటనే ఊడింది. ఎడమది ఎంత బలం పెట్టినా కదల్లేదు. చెమటలు కారాయి, పానా జారి వేళ్ళు గీసుకుపోయాయి. ఎడమ పెడలుకి మర ఉల్టా ఉంటుందని, తొక్కేకొద్దీ దానంతటది వదులై ఊడిపోకుండా అలా పెడతారని, కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసిన నాకు అరగంట తర్వాత తెలిసింది. రెంచి హేండిలు పైకి ఉండేలా తగిలించి, వెనక చక్రం వైపు తిప్పితే రెండూ ఊడతాయి. అదీ గుర్తు. మా ఊళ్ళో పంక్చర్లు వేసే తాతకి ఈ సంగతి నిద్రలో లేపి అడిగినా తెలిసుండేది.

అక్క ఇదంతా చూస్తూ, "చెడగొడుతున్నావో బాగుచేస్తున్నావో నాకర్థం కావట్లేదు" అంది.

*

మా ఇంటికి దగ్గర్లో ఒక బడి ఉంది. వేసవి సెలవుల్లో దాని పార్కింగ్ లాటు ఖాళీ. ఒక చివర కాస్త వాలుగా ఉంటుంది. అక్కడికి రోజూ సాయంత్రం ముగ్గురం వెళ్ళేవాళ్ళం. పిల్లకి పడతానన్న భయం లేదు, ఎందుకంటే కాళ్ళు నేల మీదే ఉన్నాయి. మొదటి రోజు సీటు మీద కూచుని నడిచింది. రెండో రోజు పెద్ద అంగలు వేసింది. నాలుగో రోజు వాలులో కాళ్ళు రెండూ ఎత్తేసి ఇరవై అడుగులు జారింది. ఎవరూ పట్టుకోలేదు, కాబట్టి ఎవరూ వదలలేదు కూడా.

కాళ్ళు రెండూ నేల వదిలేసినా పడిపోమని నమ్మడానికి మా పిల్లకి నాలుగు రోజులు పట్టింది. మనుషులందరికీ కలిపి దాదాపు యాభై ఏళ్ళు పట్టింది.

ఆ తర్వాతి కథ మా కనెక్టికట్‌లోనే నడిచింది. మేముండేది హార్ట్‌ఫర్డ్ పక్కన. ఇన్సూరెన్సు కంపెనీల ఊరు. వాటి పాత కంప్యూటర్ల బాగోగులు చూడటానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగువాళ్ళలో నేనూ ఒకణ్ణి. పద్ధెనిమిదేళ్ళుగా ఉంటూ కూడా ఇది ఒకప్పుడు అమెరికా సైకిళ్ళకి పుట్టిల్లని నాకు తెలీదు.

పియెర్ లాల్మెంట్ అనే ఫ్రెంచి కుర్రాడు తన దేశంలో చంటిపిల్లల తోపుడు బళ్ళు చేసేవాడు. డ్రైస్ బండి లాంటిదాని ముందు చక్రానికి పెడళ్ళు పెడితే ఎలా ఉంటుందన్న ఆలోచన అతనికి వచ్చింది. 1865లో బండి సామాన్లు వెంటబెట్టుకుని ఓడెక్కి అమెరికా వచ్చాడు. ఆన్సోనియా అనే ఊళ్ళో ఫ్యాక్టరీ పనిలో చేరాడు. న్యూ హేవెన్ ఊళ్ళోని పచ్చిక మైదానం దగ్గర దాన్ని తొక్కుతుంటే జనం వింతగా చూశారు. న్యూ హేవెన్‌లోని జేమ్స్ కారల్ అనే అతను తోడుగా 1866 నవంబరు 20న పేటెంటు తీసుకున్నాడు. పెడళ్ళున్న సైకిలుకి అమెరికాలో మొదటి పేటెంటు అదే. కానీ ఇక్కడ తయారుచేసేవాడు దొరకలేదు. తిరిగి ఫ్రాన్సు వెళ్ళిపోయాడు. అప్పటికే పారిస్‌లో మిషో కంపెనీ అలాంటి బళ్ళతో డబ్బు చేసుకుంటోంది. లాల్మెంట్ మళ్ళీ అమెరికా వచ్చి, 1891లో బోస్టన్‌లో ఎవరికీ పట్టని మనిషిగా చనిపోయాడు. కొత్త దేశానికి తెలివితేటలు మోసుకొచ్చినవాడి కథ మనకి కొత్తది కాదు. అందరివీ గ్రీన్ కార్డుతో ముగిసే కథలు కావు.

అప్పటి చక్రాలకి ఇనప పట్టాలు. రాళ్ళు పరిచిన వీధుల్లో తొక్కితే ఒళ్ళు హూనమయ్యేది. వాటిని ఎముకలు కదిలించే బళ్ళనేవారు. అయినా 1869 ప్రాంతంలో అమెరికా ఊళ్ళలో పిచ్చి మోజు పుట్టింది. పెద్ద పెద్ద హాళ్ళు తీసుకుని, నున్నటి చెక్క నేల మీద పెద్దవాళ్ళకి తొక్కడం నేర్పే బళ్ళు వెలిశాయి. మొదట్లో సైకిలు నేర్చుకున్నది పిల్లలు కాదు, మీసాలున్న పెద్దమనుషులు.

తర్వాత ముందు చక్రం మనిషి ఎత్తు పెరిగిన సైకిళ్ళు వచ్చాయి. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన ప్రదర్శనలో ఆల్బర్ట్ పోప్ అనే వ్యాపారి వాటిని చూశాడు. 1878లో హార్ట్‌ఫర్డ్‌లోని వీడ్ కుట్టుమిషన్ల కంపెనీకి వచ్చి యాభై సైకిళ్ళు చేసిపెట్టమన్నాడు. అవే కొలంబియా సైకిళ్ళు. కొన్నాళ్ళకి ఆ కుట్టుమిషన్ల కంపెనీ మొత్తం ఆయనదైంది. అన్నట్టు, లాల్మెంట్ పేటెంటు హక్కులు చివరికి చేరింది కూడా ఈ పోప్ చేతికే. హార్ట్‌ఫర్డ్‌లో పోప్ పార్కు పక్కనుంచి ఎన్నిసార్లు కారులో పోయానో! పోప్ అంటే రోములో ఉండే ఆయన కాబోలనుకునేవాణ్ణి.

ఆ ఫ్యాక్టరీకి నడిచి వెళ్ళేంత దూరంలో మార్క్ ట్వేన్ ఇల్లు. ఇప్పటికీ ఉంది, ఇండియా నుంచి ఎవరొచ్చినా తీసుకెళ్ళి చూపిస్తాం. ట్వేన్ 1884లో, 48 ఏళ్ళ వయసులో, ఈ ఎత్తు సైకిలు నేర్చుకోవాలనుకున్నాడు. నేర్పడానికి ఒక నిపుణుణ్ణి పెట్టుకుని, మిత్రుడు ట్విచెల్‌ని తోడు తీసుకున్నాడు. పడ్డాడు, నేర్పేవాడి మీద కూడా పడ్డాడు. ఆ అనుభవం గురించి రాసిన వ్యాసం ఆయన పోయాక 1917లో గానీ అచ్చుకాలేదు. అందులో నవ్వుల మధ్య ఒక గట్టి సంగతి చెప్పాడు. సైకిలు ఎటు పడబోతుంటే హేండిలు అటే తిప్పాలి. ఒళ్ళు మాత్రం రెండోవైపుకి తిప్పమని పోరుతుంది. బుర్ర ఒప్పుకున్నా ఒళ్ళు ఒప్పుకోదు.

ఇది సైన్సు కూడా ఒప్పుకున్న మాటే. అయితే సైకిలు తనంతట తాను ఎందుకు నిలబడుతుందన్న దానికి సులువైన జవాబు ఇంకా దొరకలేదు. 1899లో కేంబ్రిడ్జిలో చదువుకుంటున్న విపుల్ అనే కుర్రాడు సమీకరణాలు రాశాడు. తిరిగే చక్రం బొంగరంలా నిలబెడుతుందని చాలామంది నమ్మేవారు. 1970లో డేవిడ్ జోన్స్ అనే ఇంగ్లీషు ఆయన, ఆ బొంగరం గుణాన్ని రద్దుచేసే ఇంకో చక్రం తగిలించి, తొక్కడానికి వీల్లేని సైకిలు చెయ్యాలని చూశాడు. దాన్నీ తొక్కగలిగాడు. 2011లో కార్నెల్, డెల్ఫ్‌ట్ విశ్వవిద్యాలయాల వాళ్ళూ మరికొందరూ కలిసి, బొంగరం గుణమూ, ముందు చక్రం వాలులోని వెసులుబాటూ రెండూ తీసేసిన బండి కూడా మనిషి లేకుండా నిలబడి పోగలదని చేసి చూపించారు. అంటే, పుస్తకాలు రాసేవాళ్ళకే ఇంకా పూర్తిగా తేలని విద్యని ఆరేళ్ళ పిల్ల ఒళ్ళు వారంలో పట్టేసింది.

అక్క నాకు ఎలా నేర్పగలిగిందో నాకు అప్పుడర్థమైంది. ఇది మాటలతో చెప్పే విద్య కాదు. సైకిలు వచ్చినవాడు కూడా తనకేం వచ్చో చెప్పలేడు. నేర్పేవాళ్ళకి కావలసింది వెనక పరిగెత్తే ఓపికా, వదిలే సమయం తెలియడమూ. ఆ రెండూ అక్కకి ఉన్నాయి.

*

రెండు వారాలయ్యాక పెడళ్ళు మళ్ళీ బిగించాను. ఈసారి ఎడమది ఎటు తిప్పాలో తెలుసు. పిల్ల ఒక కాలితో తన్నుకుని, రెండో కాలు పెడలు మీద పెట్టి, అంతే, వెళ్ళిపోయింది. నేను సీటు పట్టుకోవాలని వంగేలోపే పార్కింగ్ లాటు అవతలి చివర ఉంది.

పిల్లల సైకిలంటే గుర్తొచ్చింది. ఈవేళ మనం తొక్కే సైకిలు రూపం 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ చేసిన రోవర్ సైకిలుతో వచ్చింది. రెండు చక్రాలూ దాదాపు సమానం, గొలుసు వెనక చక్రానికి. దాని మీద గాలి టైరు ఎక్కడంతో సైకిలు సామాన్యుడి చేతికి వచ్చింది. ఆ టైరు పుట్టింది ఒక పిల్లాడి కోసమే. బెల్‌ఫాస్ట్‌లో జాన్ డన్‌లప్ అనే పశువైద్యుడు, కొడుకు మూడు చక్రాల బండి గతుకుల్లో ఎగిరెగిరి పడుతుంటే చూడలేక, రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. 1888లో పేటెంటు వచ్చింది. నలభై ఏళ్ళ కిందటే రాబర్ట్ థామ్సన్ అనే ఆయన అదే ఆలోచనకి పేటెంటు తీసుకున్నాడని తర్వాత తెలిసి, డన్‌లప్‌ది చెల్లకుండా పోయింది. పేరు మాత్రం డన్‌లప్‌దే మిగిలింది. కొడుకు కోసం చేశాడు కదా, పోన్లే అనిపిస్తుంది.

ఈ సాఫీ సైకిలు వచ్చాకే ఆడవాళ్ళు సైకిలెక్కారు. అమెరికాలో మద్యపాన నిషేధం కోసం, ఆడవాళ్ళ ఓటు కోసం పనిచేసిన ఫ్రాన్సెస్ విలర్డ్ 53 ఏళ్ళ వయసులో పట్టుబట్టి నేర్చుకుంది. మూడు నెలలు పట్టింది. మొదట్లో ఇద్దరు ముగ్గురు చుట్టూ నిలబడి పట్టుకునేవారు. తన సైకిలుకి గ్లాడిస్ అని పేరు పెట్టుకుని, నేర్చుకున్న తీరంతా 1895లో చిన్న పుస్తకంగా రాసింది. అదే ఏడు రష్యాలో టాల్‌స్టాయ్ 66 ఏళ్ళ వయసులో మాస్కోలో సైకిలు నేర్చుకున్నాడు. అంతకు కొద్ది వారాల ముందే ఏడేళ్ళయినా నిండని ఆయన కడసారపు కొడుకు వాన్యా చనిపోయాడు.

విలర్డ్ సంగతి అక్కకి చెప్పాను. "యాభై మూడా?" అంది. అక్కకి యాభై రెండు.

*

మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. మా ఊళ్ళో ఏడో తరగతి దాకానే ఉండేది. హైస్కూలు ఐదు కిలోమీటర్లు. అక్క 1985లో ఏడో తరగతి మంచి మార్కులతో పాసయింది. బస్సు లేదు, అంత దూరం ఆడపిల్ల ఒంటరిగా నడిచి ఎలా వెళ్తుందన్నారు. చదువు అక్కడితో ఆగింది. నేను 1991లో అదే ఏడో తరగతి పాసయ్యాను. నాన్న ఖమ్మం వెళ్ళి హెర్క్యులిస్ సైకిలు కొనుక్కొచ్చారు.

మన ఊళ్ళలోకి సైకిలు ఇంగ్లండు నుంచే వచ్చింది. రాలే, హంబర్, బీఎస్ఏ అంటే ఒకప్పుడు కట్నాల్లో అడిగే వస్తువులు. స్వతంత్రం వచ్చాక మద్రాసులో 1949లో టీఐ సైకిల్స్, సోనీపట్‌లో 1951లో అట్లాస్, లూధియానాలో 1956లో హీరో మొదలయ్యాయి. 1986కల్లా హీరో ప్రపంచంలోనే ఎక్కువ సైకిళ్ళు చేసే కంపెనీగా గిన్నిస్ బుక్కుకెక్కింది. అట్లాస్ చివరి ఫ్యాక్టరీ మాత్రం 2020 జూన్ 3న ఆగిపోయింది. అది ప్రపంచ సైకిలు దినోత్సవం రోజు కావడం విధి విలాసం.

ఇవన్నీ పెద్దవాళ్ళ కోసం చేసిన సైకిళ్ళు. ఇరవై ఎనిమిది అంగుళాల చక్రాలు. పిల్లల సైకిలు కొనిచ్చే స్తోమత ఎవరికుంది? పన్నెండేళ్ళవాడికి సీటు మీద కూచుంటే కాళ్ళు అందవు. అందుకని ఫ్రేము మధ్యలోంచి కాలు దూర్చి, ఒంటిని ఒక పక్కకి వంచి తొక్కేవాళ్ళం. మేం దాన్ని కాంచీ తొక్కడం అనేవాళ్ళం. కాలేజీలో నా కృష్ణా జిల్లా స్నేహితులు అడ్డతొక్కుడు అనేవారు. కాంచీ తర్వాత బారు మీద, ఆ తర్వాత సీటు మీద. అదీ మన బాలశిక్ష. డ్రైస్‌కీ స్టార్లీకీ ఊహకైనా అందని పద్ధతి.

ఆ హెర్క్యులిస్ క్యారియరు పట్టుకుని చెరువుకట్ట మీద నా వెనక పరిగెత్తింది అక్క. అప్పటికి తనకి పద్ధెనిమిదేళ్ళు, ఓణీ బొడ్లో దోపుకుని పరిగెత్తేది. వారం రోజులు వదల్లేదు. ఎనిమిదో రోజు, కట్ట చివర వేపచెట్టు దాకా వెళ్ళి వెనక్కి చూస్తే, ఎక్కడో చిన్నగా కనిపించింది. నవ్వుతోంది. ఆ జూన్ నుంచి నేను ఆ సైకిలు మీదే హైస్కూలుకి వెళ్ళాను. అక్కడి నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి అమెరికాకి. మరుసటేడు అక్కకి తిరువూరు దగ్గర సంబంధం కుదిరింది.

సరిగ్గా అదే రోజుల్లో, 1991లో, తమిళనాడులో పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా ఆడవాళ్ళకి సైకిలు నేర్పించడం మొదలుపెట్టారు. కలెక్టరు షీలారాణి చుంకత్ చొరవ అది. పాలాల్లో కూలీలు, రాళ్ళ క్వారీల్లో పనిచేసేవాళ్ళు, అంగన్‌వాడీ కార్యకర్తలు, వేలమంది ఆడవాళ్ళు సైకిలెక్కారు. పాలగుమ్మి సాయినాథ్ దీని గురించి రాశారు. 2006లో బీహార్ ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకి సైకిళ్ళు ఇవ్వడం మొదలుపెట్టింది. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దాని ఫలితాన్ని లెక్కగట్టారు. సెకండరీ స్కూల్లో ఆ వయసు ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగిందట, మగపిల్లలతో తేడా 40 శాతం తగ్గిందట. అన్నిటికంటే నన్ను ఆపేసిన వాక్యం ఇంకొకటి. ఆ పెరుగుదల ఎక్కువగా హైస్కూలు దూరంగా ఉన్న ఊళ్ళలోనే కనిపించిందట.

ఐదు కిలోమీటర్ల సంగతి ఆర్థికశాస్త్రం పత్రికలో చదువుకోవాల్సి వచ్చింది నాకు. ఇంట్లో ఎదురుగా కూచున్న మనిషిని ఒక్కసారీ అడగలేదు.

ఆ రాత్రి అడిగాను. "నాన్న నాకు సైకిలు కొన్నప్పుడు నీకు కోపం రాలేదా అక్కా?"

"నీ మీదెందుకు కోపం? చిన్నోడివి" అంది. కాసేపాగి, "ఒకసారి నువ్వు నిద్రపోతుంటే పెరట్లో ఎక్కి కూచున్నాను. కాలు కదపలేదు. ఊరికే కూచున్నాను. అమ్మ చూసి దిగమంది" అంది.

ముప్పై మూడేళ్ళ తర్వాత నాకు తెలిసిన సంగతి ఇది.

*

మర్నాడు మా ఆవిడ సైకిలు సీటు బాగా కిందికి దించి, పెడళ్ళు విప్పాను. పార్కింగ్ లాటులో అక్క చున్నీ నడుముకి కట్టుకుని, చుట్టూ ఎవరూ లేరని నాలుగుసార్లు చూసుకుని ఎక్కింది. నేను సీటు పట్టుకున్నాను. మా చిన్నది ముందు వెనక్కి నడుస్తూ, "అత్తా, డోంట్ లుక్ డౌన్! దూరంగా చూడు!" అని పాఠం చెబుతోంది. అది నేర్చుకుని నిండా పది రోజులు కాలేదు.

మొదటి మూడు రోజులూ అక్క నడిచింది. నాలుగో రోజు అంగలు వేసింది. ఆరో రోజు వాలులో రెండు కాళ్ళూ ఎత్తింది. పది, పన్నెండు అడుగులు, అంతే.

"వదిలేశావా?" అంది వెనక్కి తిరక్కుండా.

"లేదక్కా" అన్నాను. వదిలేశాను.

పెడళ్ళు బిగించే దాకా రాలేదు. తిరుగు ప్రయాణం టిక్కెట్టు ముందే కొన్నది. పెట్టెలు సర్దడం, తూకాలు చూడటం, పచ్చళ్ళు తెచ్చిన డబ్బాల్లో చాక్లెట్లు నింపడం. ఎయిర్‌పోర్టులో మా చిన్నది అత్తని వాటేసుకుని, "నెక్స్ట్ టైమ్ పెడల్స్!" అంది. అక్క నవ్వి ఊరుకుంది.

వెళ్ళిన నెల రోజులకి ఫోనులో ఒక ఫోటో వచ్చింది. వాళ్ళింటి వసారాలో దుమ్ముపట్టిన లేడీస్ సైకిలు. అక్క కోడలు హైస్కూల్లో ఉండగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'బడికొస్తా' పథకం కింద ఇచ్చిందట. పెళ్ళయ్యాక పుట్టింటి నుంచి సామాన్లతో పాటు తెచ్చుకుంది.

ఫోటో కింద అక్క రాసింది: "ఎడమ పెడలు ఎటు తిప్పితే ఊడుతుందన్నావురా?"